మన స్థలంలో కరెంటు స్తంభం: హక్కు ఎవరిది, ఖర్చు ఎవరిది?

ఊరి పొలిమేరలో ఒకప్పుడు వరి పండిన పొలం ఇవాళ ప్లాట్లయింది. బోరు మోటారు కోసం గట్టు వెంట పాతిన స్తంభాలు మాత్రం అలాగే ఉన్నాయి. గట్టు చదునైపోయింది, స్తంభం మిగిలింది. ఇప్పుడది ఒకరి ప్లాటు నడిమధ్యనో, ఇంకొకరి గేటుకు అడ్డంగానో నిలబడి ఉంటుంది. కొన్నవారు సెక్షన్ ఆఫీసుకు వెళ్లి, "నా స్థలంలో మీ స్తంభం ఏమిటి? తీసేయండి" అంటారు. అక్కడి ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు), "ఎస్టిమేట్ వేస్తాం, డబ్బు కట్టండి" అంటారు. మాట మాట పెరుగుతుంది. నిజానికి ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. కాకపోతే ఒకరు హక్కు గురించి అడుగుతున్నారు, మరొకరు ఖర్చు గురించి జవాబిస్తున్నారు.

ఈ విషయంలో చిక్కంతా అక్కడే ఉంది. ఏ అధికారంతో నా స్థలంలోకి వచ్చారు? వచ్చినందుకు నాకేమిస్తారు? జరపాలంటే డబ్బు ఎవరు పెట్టాలి? దానికి ఎంత దూరంలో ఇల్లు కట్టుకోవచ్చు? ఇవి నాలుగూ వేర్వేరు ప్రశ్నలు. ఒక్కోదానికి ఒక్కో నిబంధన ఉంది, తీర్పు చెప్పే అధికారి కూడా ఒక్కోచోట ఒక్కొక్కరు. నాలుగింటినీ ఒకే అర్జీలో కలిపేస్తే ఆ అర్జీ ఏ బల్ల మీదా నిలవదు.

స్తంభానికో చట్టం, టవరుకో చట్టం

ముందుగా మన నేల మీద ఉన్నది ఏమిటో తేల్చుకోవాలి. ఇళ్లకు, మోటార్లకు వెళ్లే ఎల్టీ (తక్కువ వోల్టేజీ) లైను, ఊళ్లోని ట్రాన్స్‌ఫార్మర్‌ దాకా వచ్చే 11 కేవీ లైను, సబ్‌స్టేషన్‌కు వచ్చే 33 కేవీ లైను డిస్కంలవి, అంటే కరెంటు పంపిణీ సంస్థలవి. నాలుగు కాళ్ల ఇనుప టవర్ల మీద పోయే 132, 220, 400 కేవీ లైన్లు రాష్ట్ర విద్యుత్ ప్రసార సంస్థ ట్రాన్స్‌కోవి, లేదా పవర్‌గ్రిడ్ కార్పొరేషన్ వంటి సంస్థలవి. చూడటానికి అన్నీ తీగలే. చట్టం దృష్టిలో మాత్రం ఈ రెంటికీ చాలా తేడా ఉంది.

టవరు లైన్ల సంగతి తొందరగా చెప్పుకోవచ్చు. 2003 విద్యుత్ చట్టంలోని 164వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం ఒక ఉత్తర్వుతో లైసెన్సుదారుకు, అంటే లైను వేసే విద్యుత్ సంస్థకు, పాత టెలిగ్రాఫ్ అధికారుల అధికారాలన్నీ కట్టబెట్టవచ్చు. ఆ అధికారాలు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోవి. తంతి తీగలు లాగడానికి తెల్లదొరలు రాసుకున్న చట్టం అది. ఎవరి స్థలంలోనైనా స్తంభం పాతవచ్చు, పైనుంచి తీగ లాగవచ్చు, యజమాని అనుమతి అడగనక్కర్లేదు. టెలిగ్రాం ఆగిపోయింది, 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టం కొత్తగా వచ్చింది. అయినా విద్యుత్ లైన్ల కోసం పాత చట్టంలోని ఆ భాగాన్ని ప్రత్యేకంగా బతికించి ఉంచారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ట్రాన్స్‌కోకు ఈ అధికారాన్ని 2003లోనే ఇచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లో ఒక సిమెంటు కంపెనీ సున్నపురాయి భూముల మీదుగా పవర్‌గ్రిడ్ లైను వేసిన కేసులో, 164 కింద అధికారం ఉంటే యజమాని సమ్మతి అవసరం లేదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో స్పష్టం చేసింది. అంత పెద్ద కంపెనీ మాటే చెల్లనప్పుడు, రెండెకరాల రైతు "నా పొలంలోకి రావద్దు" అని కోర్టుకెక్కితే లైను ఆగుతుందనుకోవడం వృథా. ఆ శక్తి పరిహారం మీద పెట్టడం మేలు.

డిస్కం స్తంభాల దారి వేరు. వాటికి కేంద్రం 2006లో చేసిన 'వర్క్స్ ఆఫ్ లైసెన్సీస్' నిబంధనలు, వాటి నమూనాలోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లో చేసుకున్న నిబంధనలు ఉన్నాయి. వీటిలోని మూడో నిబంధన చదివితే చాలామంది ఆశ్చర్యపోతారు. ప్రైవేటు స్థలంలో లైను వేయాలన్నా, స్తంభం పాతాలన్నా, దాన్ని ఒరగకుండా పట్టి ఉంచే స్టే వైరు కట్టాలన్నా యజమాని లేదా అనుభవదారు ముందస్తు సమ్మతి కావాలి. వారు అభ్యంతరం చెబితే డిస్కం జిల్లా మేజిస్ట్రేటు నుంచి, అంటే కలెక్టరు నుంచి, లేదా పోలీస్ కమిషనర్ నుంచి లిఖితపూర్వకంగా అనుమతి తెచ్చుకోవాలి. ఆ అనుమతి ఇచ్చే అధికారే పరిహారం ఎంతో, లేదా ఏడాదికి అద్దె ఎంతో, లేదా రెండూ కలిపి ఎంతో నిర్ణయించాలి.

అవును, కరెంటు స్తంభానికి ఏటా అద్దె. నిబంధనలో ఆ మాట ఉంది. దాన్ని ఎవరైనా అడగడం మాత్రం చాలా అరుదు.

ఎందుకంటే ఈ ఏర్పాటంతా అభ్యంతరం అనే ఒక్క మేకు మీద వేలాడుతోంది. అభ్యంతరం చెబితేనే కలెక్టరు దగ్గరకు వెళ్తుంది, కలెక్టరు దగ్గరకు వెళ్తేనే పరిహారం లెక్క తేలుతుంది. మౌనం అర్ధాంగీకారం అంటారు గదా, ఇక్కడ పూర్తి అంగీకారమే. లైన్‌మన్, కాంట్రాక్టర్ కూలీలు వచ్చి గుంత తీస్తుంటే గట్టు మీద నిలబడి కేకలు వేసినా అది కాగితం మీదకు రాదు. అదే రోజు ఒక తెల్లకాగితం మీద సర్వే నంబరు, స్తంభం పాతుతున్న చోటు, "నా సమ్మతి లేదు" అన్న ఒక్క వాక్యం రాసి, సెక్షన్ ఆఫీసులో ఇచ్చి, మన దగ్గరుంచుకునే నకలు మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుంటే కథ మారుతుంది. ఆఫీసులో తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టు ఉంది. స్తంభం లేచాక రాసే పది అర్జీలకన్నా లేవకముందు ఇచ్చిన ఈ ఒక్క కాగితానికి బలం ఎక్కువ.

ఒక జాగ్రత్త. లైసెన్సుదారుకు 164 కింద అధికారం ఇచ్చి ఉంటే ఈ సమ్మతి నిబంధన దాన్ని అడ్డుకోదని అదే నిబంధనల్లో రాసి ఉంది. కాబట్టి సమాచార హక్కు చట్టం కింద మొదట అడగాల్సింది ఇదే: ఈ లైను ఏ సెక్షన్ కింద వేశారు, 164 ఉత్తర్వు ఉంటే దాని నకలు ఇవ్వండి. జవాబును బట్టి మన దారి కలెక్టరు దగ్గరికా, జిల్లా కోర్టుకా అన్నది తేలుతుంది.

పొరుగు రైతు బోరు కనెక్షన్ కోసం మన గట్టు మీద స్తంభం వేసే సందర్భాలు పల్లెల్లో కోకొల్లలు. అక్కడ చట్టంకన్నా మొహమాటం పనిచేస్తుంది. ఇవాళ వాళ్ల లైనుకు అడ్డం చెబితే రేపు మన లైనుకు వాళ్లు అడ్డం పడతారు. ఒప్పుకోవడంలో తప్పు లేదు. ఒప్పుకునేటప్పుడు స్తంభం గట్టు మీదే ఉండాలని, స్టే వైరు మడిలోకి దిగకూడదని రాయించుకోవడం మంచిది. ట్రాక్టరుకు స్తంభంకన్నా ఏటవాలుగా దిగే స్టే వైరే ఎక్కువ అడ్డం. దాని బదులు స్తంభానికి ఆనుగా ఇంకో స్తంభాన్ని నిలబెట్టే పద్ధతి కూడా ఉంది.

టవరు పడితే ఎంత వస్తుంది

భూమి మీదే. లైను వేసినంత మాత్రాన భూసేకరణ జరిగినట్టు కాదు. టెలిగ్రాఫ్ చట్టం పదో సెక్షనే ఈ మాట చెబుతుంది: సంస్థకు వచ్చేది వాడుకునే హక్కు మాత్రమే, యాజమాన్యం కాదు. నష్టం వీలైనంత తక్కువ చేయాలి, చేసిన నష్టానికి పూర్తి పరిహారం ఇవ్వాలి. ఆ 'పూర్తి' ఎంత అన్నదే దశాబ్దాల తగాదా.

చాలాకాలం పంటకు, చెట్లకు మాత్రమే ఎంతో కొంత ఇచ్చి వెళ్లిపోయేవారు. 2015 అక్టోబరులో కేంద్ర విద్యుత్ శాఖ తొలిసారి మార్గదర్శకాలిచ్చింది: టవరు కాళ్ల కింది నేలకు భూమి విలువలో 85 శాతం, తీగల కింది పట్టీకి 15 శాతం మించకుండా. 2024 జూన్‌లో వీటిని పెంచి టవరు నేలకు 200 శాతం, తీగల కింది పట్టీకి 30 శాతం చేశారు. 2025 మార్చిలో పట్టణాల కోసం మరో సవరణ వచ్చింది. తీగల కింది పట్టీకి మెట్రో నగరాల్లో 60 శాతం, నగరపాలక సంస్థలు తదితర పట్టణ ప్రాంతాల్లో 45 శాతం, మిగతా చోట్ల 30 శాతం. ఇవి కేంద్రం మార్గదర్శకాలు. రాష్ట్రం లోపలి లైన్లకు రాష్ట్ర ప్రభుత్వం స్వీకరించిన మేరకే వర్తిస్తాయి.

200 శాతం అనగానే అందరి చూపూ టవరు మీదే పడుతుంది. లెక్క వేసి చూస్తే అసలు డబ్బు మరోచోట ఉంది. టవరు కాళ్ల మధ్య నేల అయిదు మీటర్ల చదరం అనుకుందాం. నిబంధన ప్రకారం నలువైపులా మీటరు చొప్పున కలిపితే ఏడు మీటర్ల చదరం, అంటే 49 చదరపు మీటర్లు, సెంటుంపావు కూడా నిండదు. దానికి రెట్టింపు అంటే దాదాపు రెండున్నర సెంట్ల విలువ. ఇక తీగల సంగతి. 132 కేవీ లైనుకు మార్గం వెడల్పు దాదాపు 27 మీటర్లు. ఆ లైను పొలంలో వంద మీటర్ల మేర పోతే 2,700 చదరపు మీటర్లు, ఇంచుమించు 67 సెంట్లు. అందులో 30 శాతం అంటే 20 సెంట్ల విలువ. తెలంగాణ లెక్కలో ఎనిమిది గుంటలు. టవరు పక్క పొలంలో పడి, తీగ మాత్రమే మన మీదుగా పోతోంది గనుక మనకేమీ రాదని ఊరుకునేవారు పోగొట్టుకునేది ఇదే. 220 కేవీకి ఈ వెడల్పు 35 మీటర్ల దాకా, 400 కేవీకి 46 మీటర్ల దాకా ఉంటుంది.

ఇచ్చింది చాలలేదనిపిస్తే టెలిగ్రాఫ్ చట్టం 16(3) కింద జిల్లా జడ్జి దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు. దానికి గడువు మూడేళ్లు. కేరళ విద్యుత్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు 1976లోనే ఈ గడువు వర్తిస్తుందని తేల్చింది. అదే కేరళ బోర్డు మీద 2007లో వచ్చిన మరో తీర్పు పరిహారం లెక్కకు కొలతలు చెప్పింది. భూమి ఎక్కడుంది, లైను అంచున పోతోందా నడుమనుంచి పోతోందా, చిన్న ముక్క మీదుగా పోయి మిగతా నేలను కూడా పనికిరాకుండా చేస్తోందా అన్నవి చూడాలి. అన్ని భూములకూ ఒకే సూత్రం పనికిరాదని దాని సారాంశం. రోడ్డు పక్క ఎకరాకు, లోపలి ఎకరాకు ఒకే ధర కట్టినప్పుడు రైతు న్యాయవాది పట్టుకోవాల్సిన తీర్పు అది.

చెట్ల విషయంలో నిబంధన ముక్కుసూటిగా ఉంటుంది. లైను రాకముందు నుంచీ ఉన్న మామిడి, కొబ్బరి చెట్లు కొట్టేస్తే పరిహారం వస్తుంది. లైను వచ్చాక దాని కింద నాటిన చెట్టుకు రాదు.

ఇక్కడే నాకు కనిపించే అన్యాయం ఒకటి చెప్పాలి. ఈ మార్గదర్శకాలన్నీ 66 కేవీ, ఆపై టవరు లైన్లకు. 11 కేవీ స్తంభాలు వరసగా మూడు పడి, పావెకరం పొలం ముక్కలైన చిన్న రైతుకు ఈ పట్టికలో చోటే లేదు. అతనికున్నది పైన చెప్పిన మూడో నిబంధన, దానికి కావాల్సిన అభ్యంతర పత్రం. పెద్ద లైనుకు శాతాలు, చిన్న లైనుకు అర్జీలు.

జరపమంటే డబ్బు ఎవరు కట్టాలి

మామూలు సూత్రం ఇది: లైను నిబంధనల ప్రకారం ఉండి, మన సౌకర్యం కోసం జరపమంటే ఖర్చు మనది. ఇల్లు కడుతున్నాం, గేటు పెడుతున్నాం, ప్రహరీ కడుతున్నాం అన్నవన్నీ మన సౌకర్యాలే. లైనే నిబంధనలకు విరుద్ధంగా ఉంటే సరిచేసే బాధ్యత డిస్కంది. సెక్షన్ ఆఫీసులో ఈ రెండో సగం వినిపించదు, మనమే గుర్తుచేయాలి.

విరుద్ధంగా ఉందో లేదో తెలుసుకోవడానికి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ, అంటే సీఈఏ, భద్రతా నిబంధనలు ఉన్నాయి. 2010లో వచ్చాయి, 2023లో తిరగరాశారు. రోడ్డు కాని చోట, అంటే పొలాల్లో, ఖాళీ స్థలాల్లో, 11 కేవీ వరకు తొడుగు లేని తీగ నేలకు 4.6 మీటర్ల కన్నా కిందకు ఉండకూడదు. రోడ్డు దాటేచోట ఎల్టీకి 5.8 మీటర్లు, 11 కేవీకి 6.1 మీటర్లు. వరికోత యంత్రం వచ్చినప్పుడు ఒకరు వెదురు గడతో తీగ పైకెత్తి పట్టుకునే దృశ్యం మన పొలాల్లో కొత్తది కాదు. ఆ ప్రాణాంతకమైన పని చేయాల్సి వస్తోందంటే ఆ లైను నిబంధన ప్రకారం లేనట్టే. దాన్ని బిగించడం, మధ్యలో ఇంకో స్తంభం వేయడం డిస్కం తన ఖర్చుతో చేయాలి. ఇలాంటి లైన్ల మీద రాసే అర్జీలో "జరపండి" అనకుండా "నేలకు ఎత్తు తక్కువగా ఉంది, ప్రమాదం, సరిచేయండి" అని రాయాలి. మొదటిది మన కోరిక అవుతుంది, రెండోది వాళ్ల బాధ్యత అవుతుంది. ఎత్తు మనం కొలవకూడదు. టేపు, కర్ర, నిచ్చెన ఏదీ తీగ దగ్గరకు వెళ్లకూడదు. సిబ్బందినే వచ్చి కొలవమని రాయాలి, ఫోను 1912కు చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. తీగ తెగిపడి మనిషి చనిపోతే సంస్థ తప్పుందా లేదా అని చూడకుండానే పరిహారం చెల్లించాలని మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. రాతపూర్వక ఫిర్యాదు అందాక పట్టించుకోకపోవడం ఎంత ఇబ్బందో ప్రతి ఏఈకి తెలుసు.

ఇక మన ఖర్చుతోనే జరిపించుకోవాల్సి వచ్చిందనుకుందాం. కట్టబోయే ఇంటి నక్షాతో డిస్కంకు, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి. లైను సక్రమంగా ఉందా, ఖర్చు మన మీద వేయవచ్చా అన్నది పరిశీలించి, అనవసర జాప్యం లేకుండా డిస్కం ఎస్టిమేట్‌తో నోటీసు పంపాలి. అది అందిన 30 రోజుల్లో మనం డబ్బు కట్టాలి. ఆ ఎస్టిమేట్ కాగితాన్ని చాలామంది చివరి వరసలోని మొత్తం చూసి మడిచేస్తారు. వరసవరసా చదవాలి. స్తంభాలు, క్రాస్ ఆర్మ్‌లు, ఇన్సులేటర్లు, తీగ, స్టే సెట్లు, కూలీ, రవాణా, పర్యవేక్షణ చార్జీలు అని ఉంటాయి. తీసేసిన పాత స్తంభం, తీగ ఎక్కడికి పోయాయి? అవి డిస్కం స్టోర్సుకు వెళ్తాయి. వాటి తరుగు పోను మిగిలిన విలువను కొత్త సామగ్రి ధరలోంచి తగ్గించాలని భద్రతా నిబంధనల్లోనే ఉంది. ఆ తగ్గింపు వరస లేకపోతే అడగాలి. పర్యవేక్షణ చార్జీ కూలీ మీద 15 శాతం అని అదే నిబంధన అంటుంది. మొత్తం ఎస్టిమేట్ మీద వేస్తే లెక్క ఎంతో పెరుగుతుంది. ఖర్చు మీదా, బాధ్యత మీదా వివాదం వస్తే తేల్చేది ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్. ఈ అధికారి ఒకరున్నారనే సంగతే చాలామందికి తెలియదు.

టవరు లైన్లకు మరో విచిత్రమైన వెసులుబాటు ఉంది. టెలిగ్రాఫ్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, స్థలాన్ని మరో విధంగా వాడుకోవాల్సి వచ్చినప్పుడు లైనును ఆ స్థలంలోనే ఇంకో భాగానికి మార్చమనో, ఎత్తు పెంచమనో కోరవచ్చు. ఇదివరకు పరిహారం తీసుకుని ఉంటే, మార్చే ఖర్చు, పరిహారంలో సగం, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది కట్టాలి. సంస్థ వినకపోతే జిల్లా మేజిస్ట్రేటును ఆశ్రయించాలి. ఆయన ఒప్పుకోవచ్చు, షరతులు పెట్టవచ్చు, కాదనవచ్చు. 400 కేవీ టవరును ఒక ఇంటి కోసం కదిలిస్తారని ఆశ పెట్టుకోలేం. "కదిలించడం కుదరదు, చట్టంలో లేదు" అని ఎవరైనా అంటే మాత్రం ఆ మాట తప్పు.

కదిలించకుండా సర్దుకునే మార్గాలూ ఉంటాయి. ఎల్టీ లైనుకు తొడుగున్న ఏబీ కేబుల్ వేయడం, పొడవైన స్తంభంతో తీగ ఎత్తు పెంచడం, కొద్ది దూరం భూమిలోంచి కేబుల్ తీసుకెళ్లడం. వీటిలో ఏది చవకో ఏఈ పైఅధికారి అయిన ఏడీఈ స్థాయిలో అడిగి తెలుసుకోవచ్చు.

ఎవరూ పట్టించుకోవడం లేదని రాత్రికి రాత్రి స్తంభం పీకించడం, తీగ తప్పించడం మాత్రం వద్దు. లైను సామగ్రిని అనుమతి లేకుండా కోయడం, తొలగించడం 136వ సెక్షన్ కింద నేరం కావచ్చు, మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. ప్రాణం పోయే ప్రమాదం సరేసరి.

కట్టేముందు, కొనేముందు

దూరాల విషయంలో రెండు కొలబద్దలున్నాయి. ఇది చాలామందిని తికమక పెడుతుంది. సీఈఏ ప్రకారం భవనానికీ 11 కేవీ తీగకూ అడ్డంగా 1.2 మీటర్లు, నిలువుగా 3.7 మీటర్లు ఉంటే చాలు. ఎల్టీకి అడ్డంగా 1.2, నిలువుగా 2.5. కానీ ఉమ్మడి రాష్ట్రం 2012 ఏప్రిల్‌లో ఇచ్చిన భవన నిబంధనల జీవో 168 ఇంకాస్త గట్టిది: హైటెన్షన్ తీగలకు అన్ని వైపులా 3 మీటర్లు, ఎల్టీకి 1.5 మీటర్లు. అనుమతి ఇచ్చేది మున్సిపాలిటీ గనుక ఆ జీవో నడిచే చోట పెద్ద కొలతే లెక్కలోకి వస్తుంది. 20 అడుగుల వెడల్పున్న ప్లాటు అంచున 11 కేవీ లైను పోతే దాదాపు సగం వెడల్పు దానికే పోయినట్టు. అదే జీవో ప్రకారం లేఅవుట్‌లో టవరు లైను కింద టవరు వెడల్పు మేర పచ్చదనం వదిలి, ఇరువైపులా కనీసం పది మీటర్ల రోడ్లు వేయాలి. ఆ పట్టీలో ప్లాటు నంబరు వేసి అమ్ముతున్నారంటే ఆ నక్షాను అనుమానించాల్సిందే.

కొనుగోలుదారులు నమ్ముకునే ఈసీలో, అంటే రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే లావాదేవీల పత్రంలో, ఇవేవీ కనిపించవు. స్తంభం పాతినందుకు ఎవరూ దస్తావేజు రిజిస్టరు చేయించరు గనుక అప్పులు, అమ్మకాలు కనబడతాయే తప్ప లైను కనబడదు. టవరు పరిహారం అమ్మినవారు ఏనాడో తీసుకుని ఉంటారు. అది మళ్లీ మనకు రాదు. కాబట్టి ప్లాటు చూడటానికి వెళ్లినప్పుడు సరిహద్దు రాళ్లతో పాటు తల పైకెత్తి తీగలు ఎటు పోతున్నాయో కూడా చూడాలి. లైను ఉండి, అమ్మేవారు "అది తీయించేస్తాం లెండి" అంటే ఆ మాటను అగ్రిమెంటులోకి ఎక్కించాలి: డిస్కంకు డబ్బు కట్టి లైను మార్పించే బాధ్యత అమ్మకందారుదని, ఫలానా తేదీలోగా కాకపోతే ఎస్టిమేట్ మొత్తాన్ని ఆఖరి వాయిదాలోంచి మినహాయించుకుంటామని. ఆ ఎస్టిమేట్ ఎంతో రిజిస్ట్రేషన్‌కు ముందే సెక్షన్ ఆఫీసులో వేయించి చేతిలో ఉంచుకోవాలి.